రోడ్డు దిక్కు డబ్బా

ఎండలు ముదిరాయంటే ప్రేమ్‌సింగ్‌కు వేళకు తిండి ఉండేది కాదు. పొద్దున్నే కురవి దగ్గరి తండా నుంచి బండి మీద మానుకోటకు వచ్చేవాడు. రఘునాథ్ దుకాణంలో డ్రిల్లు మిషను, రాగి గొట్టాల చుట్ట, గ్యాసు సిలిండరు కట్టుకుని బయల్దేరితే, పొద్దూకేదాకా ఒకరింట్లో కొత్త ఏసీ బిగించడం, ఇంకొకరింట్లో జాలీలు విప్పి దుమ్ము కడగడం. పనిమంతుడని పేరొచ్చింది. కాకపోతే ఆ పేరు ప్రేమ్ కుమార్. "సేట్ల ఇండ్లల్ల పడకగది దాకా పోవాలె. సింగ్ అంటే ఏ తండా, ఎవలు అని అడుగుతరు. కుమార్ అని చెప్పు" అన్నాడు రఘునాథ్, పనిలో చేరిన రోజే. ప్రేమ్‌సింగ్ సరేనన్నాడు.

ఆ ఊళ్లో ఏసీ కొనేవాళ్లు ఎన్ని టన్నులదని అడిగే ముందు, బయటి డబ్బా ఎటు పెడతారని అడిగేవాళ్లు. చల్లని గదిలో మాట్లాడిన మాటలు వేడిగాలితో పాటు ఆ డబ్బాలోంచి బయటికొచ్చి, కింద ఉన్నవాళ్లందరికీ వినబడతాయి కదా. అందుకే పెరటి గోడకో, మిద్దె మీదో పెట్టించుకునేవాళ్లు. పైపు నీళ్లు పక్కింటి వాకిట్లో పడకుండా చూసుకోవడం ఎట్లాగో ఇదీ అట్లాగే.

రెండువేల పదకొండు, మే నెల. చౌరస్తాలో తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షల టెంటు వేసి నెలలు దాటాయి. రోజుకో ఊరివాళ్లు వంతుగా కూర్చునేవాళ్లు. టెంటుకు ఎదురుగా బియ్యం వ్యాపారి వెంకట్రాజం మేడ. కింద దుకాణం, పైన ఇల్లు. ఆ రోజు ప్రేమ్‌సింగ్ పని అక్కడే. పెరటి గోడ పాతది, ఇటుక రాలిపోతోంది, బోల్టులు నిలవలేదు.

"రోడ్డు దిక్కే పెట్టాలె అమ్మా" అన్నాడు ప్రేమ్‌సింగ్, వెంకట్రాజం భార్య సత్యమ్మతో.

ఆమె కాసేపు ఆలోచించింది. "పెట్టు తియ్. మేమే జర చూస్కొని మాట్లాడుకుంటం."

టెంటులో ఆ రోజు కూర్చున్నది ప్రేమ్‌సింగ్ తండావాళ్లే. వాళ్ల కంట పడకూడదని వెనక సందులోంచి వచ్చాడు. కానీ డబ్బా బరువు ఒక్కడి వల్ల అయ్యేది కాదు. మెట్ల దగ్గర అతను కిందామీదా పడుతుంటే టెంటులోంచి తండ్రి మంగ్యా చూశాడు. మెడలో దండ తీసి పక్కన పెట్టి వచ్చాడు. పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషి, తువ్వాల చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, డబ్బాను పైదాకా మోశాడు. దించాక, కొడుకు పని చూద్దామని గుమ్మంలో నిలబడ్డాడు.

"గది మొత్తం చల్లగవుతుందా?" అని తమ భాషలో అడిగాడు.

"ఇగ నువ్వు పో" అన్నాడు ప్రేమ్‌సింగ్, తెలుగులో.

మధ్యాహ్నానికి బిగింపు అయింది. ఏసీ ఆన్ చేసి, చల్లదనం ఎట్లా వస్తుందో చేయిపెట్టి చూస్తున్నాడు. సత్యమ్మ మంచం మీద కూర్చుని చెమట తుడుచుకుంది.

"ఇందాక గుమ్మంల నిలబడ్డాయన ఎవలు బిడ్డా? నిన్నే చూస్తుండె."

"ఎవలో కూలాయన అమ్మా. డబ్బా మొయ్యనీకి పిల్చిన."

"తండాయనా?"

"అయ్యుంటడు. వాళ్ల సంగతి నాకు ఎర్కలేదు."

"నీళ్లకని పైకొస్తరేమో. చెంబు ముట్టనియ్యకు."

"సరే అమ్మా" అన్నాడు ప్రేమ్‌సింగ్.

కింద నినాదాలు ఆగిపోయాయి. డబ్బా రోడ్డు దిక్కే ఉందని అప్పుడు గుర్తొచ్చింది అతనికి. కిటికీలోంచి చూశాడు. దీక్షకు మద్దతు చెప్పడానికి దిగిన వెంకట్రాజం తండావాళ్ల మధ్య మైకు పట్టుకుని, తల దించుకుని నిలబడి ఉన్నాడు. మంగ్యా మాత్రం తల ఎత్తి, డబ్బాలో తిరుగుతున్న రెక్కను చూస్తున్నాడు.

చాలాసేపటికి ప్రేమ్‌సింగ్ కిందికి దిగాడు. టెంటు ముందు నుంచే పోవాల్సి వచ్చింది.

"పని అయిందా సార్?" అని మంగ్యా తెలుగులో అడిగాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ప్రేమ్‌సింగ్ తల ఎత్తలేకపోయాడు.

ఇంటి దగ్గరా అంతే. మంగ్యాకు తెలుగు అంతంత మాత్రం. సంతలో, దవాఖానలో పనికొచ్చేటంత. ఆ తెలుగులోనే కొడుకుతో మాట్లాడాడు. "బండి లోపల పెట్టుండ్రి సార్. మొగులైంది, వానొస్తది." తల్లి కమ్లీ చేతిలో రొట్టె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. కొడుకును సారంటావేమిటని తమ భాషలో మొగుణ్ని కేకలేసింది. "బా, తప్పయింది" అని ప్రేమ్‌సింగ్ వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నా, "లేవుండ్రి" అన్నాడంతే మంగ్యా.

నాలుగో రోజు ప్రేమ్‌సింగ్ దుకాణానికి పోయి నిలబడ్డాడు. "అన్నా, నా పేరు ప్రేమ్‌సింగ్. ఇగ అందరికీ గదే చెప్త. ఉంచుకుంటవా?"

"నిండు సీజన్ల పరేషాన్ చెయ్యకు" అన్నాడు రఘునాథ్. ఉంచుకుంటానని మాత్రం అనలేదు. ప్రేమ్‌సింగ్ డ్రిల్లు మిషను బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు. నేరుగా టెంటుకు పోయి ఆనాటి దీక్షవాళ్ల పక్కన కూర్చున్నాడు. మైకు తనదాకా వచ్చినప్పుడు పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, తండా పేరు చెప్పాడు. "మొన్న గా మేడల నేను కూలాయన అన్నది మా నాయిననే" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి సత్యమ్మ మెట్లు దిగి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, చెంబుతో నీళ్లు అతని ముందు పెట్టి వెళ్లింది.

సంగతి తండాకు చేరింది. అయినా మంగ్యా ఇంట్లో తెలుగు మానలేదు.

వానలు పడ్డాయి. పని లేని ప్రేమ్‌సింగ్ చేనుకు పోయి నాగలి పట్టాడు. రెండేళ్లుగా పట్టని చెయ్యి. మూడో సాలు వంకర పోయింది. నాలుగోది ఇంకా పోయింది. గట్టు మీద నుంచి చూస్తున్న మంగ్యాకు ఒళ్లు మండిపోయింది. కళ్లెక్కడ పెట్టుకున్నావు, ఎడ్ల నడుము విరగ్గొడతావా, నీకు నాగలి పట్టడం నేర్పిన నన్ననుకోవాలి అంటూ లేచి అరిచాడు. అంతా తమ భాషలోనే. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా తిడుతున్నాడు.

తిరిగి చూస్తే ఎక్కడ గుర్తొచ్చి ఆపేస్తాడోనని, ప్రేమ్‌సింగ్ తల వంచుకుని ఎడ్ల వెనక నడుస్తూనే ఉన్నాడు.