ఇస్త్రీ ఎరగని పక్క

మా అత్తగారు దఫీనా చేతికి ఇస్త్రీపెట్టె ఇస్తే బల్కాన్ కొండల్ని కూడా చదును చేసేస్తుంది. మేజోళ్లు, మసిగుడ్డలు, మా ఆయన చేపలకు వెళ్లేటప్పుడు తొడుక్కునే చిరుగుల చొక్కా, దేన్నీ వదలదు. ఈ ఇంట్లో ముడతలు పడే హక్కు మా మొహాలకు మాత్రమే ఉంది.

మామగారి పక్కదుప్పటి ఆవిడే నేసింది, పెళ్లయిన కొత్తలో. అడ్డంగా నేసే పేక నూలుకు బాగా పురి ఎక్కించి నేసి వేడినీళ్లలో ముంచితే గుడ్డ ముడుచుకుని సన్నటి గట్లు లేస్తాయి. గట్ల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి ఎండాకాలంలోనూ ఒంటికి అంటదు. అదంతా తెలిసి నేసిన మనిషే, ఉతికిన ప్రతిసారీ ఆ గట్లను ఇస్త్రీతో అణగదొక్కేది. ముడతల పక్క బద్ధకస్తుల కొంపలో ఉంటుందని ఆవిడ సిద్ధాంతం.

పోయిన వేసవిలో మామగారు గాంచో మంచాన పడ్డారు.

"దఫీనా, వీపుకు అంటుకుపోతోందే. దాన్ని దాని మానాన వదిలెయ్యరాదూ?"

"డాక్టరొస్తాడు. ఈ ముడతలు చూస్తే ఊరంతా చెప్తాడు."

"డాక్టరు నన్ను చూడ్డానికొస్తాడా, దుప్పటినా?"

"నీలో చూడ్డానికేముంది గనక!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆయన అడగడం మానేశారు. ఒకసారి నేను ఇస్త్రీ చెయ్యకుండా పరిస్తే ఆయన మధ్యాహ్నమంతా కదలకుండా నిద్రపోయారు. సాయంత్రానికి అత్తగారు దాన్ని లాగేసి చదును చేసింది. రేగుపండ్లు పక్వానికొచ్చేలోగా ఆయన వెళ్లిపోయారు.

మనిషి పోయిన నలభయ్యో రోజున వాళ్ల పక్కను వాళ్ల ఈడు మనిషికి ఇస్తాం. ఇచ్చిన పక్కమీదే పోయినవాళ్లు పైలోకంలో పడుకుంటారట. మామగారి పక్క ఆయన స్నేహితుడు త్రిఫోన్‌కు ఇవ్వాలి. పొద్దున్నే దుప్పటి ఉతికి ఆరేసి, అత్తగారు ఇస్త్రీపెట్టె కోసం ఇల్లంతా గాలించింది.

"వెలికా, ఎక్కడ పెట్టావే?"

"నాకేం తెలుసు అత్తయ్యా!" అన్నాను, పిండిడబ్బా మూత గట్టిగా నొక్కుతూ.

ఇంతలో త్రిఫోన్ రానే వచ్చాడు. గోధుమల ప్రసాదం తిన్నాడు, పోయినవాడి పేర నేలమీద కాస్త వైన్ ఒలికించి మిగతాది తాగాడు. అత్తగారు దుప్పటి ఒళ్లో పెట్టుకుని ఇవ్వలేక కూర్చుంది.

"ఇలా ఎలా ఇవ్వను? అక్కడ నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

త్రిఫోన్ దుప్పటిమీద అరచెయ్యి ఆనించాడు.

"కొత్తదా వదినా?"

"పాతదే. ఆయన పోయింది దీనిమీదే."

"అదేంటి! చూడ్డానికొచ్చినప్పుడల్లా వీపు మంట, దుప్పటి అంటుకుంటోందని ఏడ్చేవాడే. ఇది చల్లగా, హాయిగా ఉందిగా."

అత్తగారిని చూస్తే నాకే పాపమనిపించింది. వంటింట్లోకి వెళ్లి, పెట్టెకు అంటిన పిండి దులిపి తెచ్చాను.

"దొరికింది అత్తయ్యా. కావాలంటే ఇప్పుడైనా..."

ఆవిడ పెట్టెమీద ఇంకా మిగిలిన పిండిని చూసింది, నన్ను చూసింది. తిట్టలేదు. దుప్పటిని ముఖానికి ఆనించుకుంది. ఎప్పుడో తనే పురి పెట్టిన నూలు చెంపలమీద సన్నటి గీతలు వేసింది.

"వద్దే. లోపల పెట్టెయ్." దుప్పటిని త్రిఫోన్ చేతుల్లో పెట్టింది. ఖాళీ మంచం వైపు తిరిగి అందరికీ వినపడేలా అంది.

"నువ్వు చెబుతూనే ఉన్నావు గాంచో. తప్పు నాదే."