ఆ కుర్చీ ఎవరు జరిపారు?

మా తమ్ముడు తీసిన మొదటి సినిమాలో మొదటి సీను చూస్తూ నిర్మాత ఆవలించాడు. అదేమీ మామూలు ఆవలింత కాదు. దవడ దగ్గర టక్కుమని చప్పుడు కూడా వచ్చింది. ఆ సినిమాకు ఎడిటర్ని నేను. ఆయన పక్కనే కూర్చున్నాను కాబట్టి ఆ చప్పుడు నా చెవిలోనే పడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన్ని మా యూనిట్‌లో అందరూ టైల్స్ ఆయన అంటారు. నేలమీద పరిచే టైల్స్ అమ్మి పైకొచ్చిన మనిషి. మంచివాడే. కాకపోతే ఆయన లెక్కలో భయం అంటే ఎవరో ఒకరు పరిగెత్తాలి, వెనక ఇంకెవరో కత్తి పట్టుకుని తరమాలి. మావాడి కథలో కత్తీ లేదు, పరుగూ లేదు. ఒకావిడ సాయంత్రం ఆఫీసు నుంచి ఒంటరిగా ఇంటికొస్తుంది. తాళం తీస్తుంది, చేతులు కడుక్కుంటుంది, టీ పెట్టుకుంటుంది. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా, లేక ఆవిడ మనసే ఆవిడను మోసం చేస్తోందా అన్న అనుమానం చూసేవాడికి అక్కడే పుట్టాలి. మేం చూపించినదానికి పుట్టింది ఆవలింత.

టైల్స్ ఆయన ఏదీ మనసులో దాచుకోడు. రేపు మధ్యాహ్నం మా అమ్మను తీసుకొస్తాను, ఆవిడ గనక ఈ సీనులో కునుకు తీసిందంటే దీన్ని పీకేసి ఛేజింగ్ పెట్టేస్తాను అన్నాడు. ఆ ఛేజింగ్ తీయడానికి పేరున్న దర్శకుడు ఒకాయనతో ముందే మాట్లాడి ఉంచాడట. పోస్టర్ మీద ఆయన పేరు కూడా వేయాల్సి ఉంటుందట. తమ్ముడు తలూపాడు. వాడికి తలూపడం తప్ప ఇంకేం తెలుసు? మొదటి సినిమా పోస్టర్ మీద పక్కన మరో దర్శకుడి పేరు పడిందంటే, వీడికి చేతకాక ఇంకొకర్ని పిలిచారని అందరూ అనుకుంటారు. ఆ తరవాత రెండో సినిమా ఇచ్చే నాథుడు ఉండడు.

మర్నాడు పొద్దున్నే ఎడిటింగ్ రూమ్ తలుపు మూసి వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టాను. మళ్లీ షూటింగ్ చేద్దామంటే ఆ ఇల్లు లేదు. ఇంటివాళ్లు గోడలకు పసుప్పచ్చ రంగు కొట్టించి, వంటిల్లు పడగొట్టి హాల్లో కలిపేసుకున్నారు. ఉన్నదానితోనే నెగ్గాలి. నేను అప్పటికే చేతనైన తిప్పలన్నీ పడి ఉన్నాను. తాళంచెవి దగ్గరగా, చెప్పులు దగ్గరగా, ఆవిడ కళ్లు దగ్గరగా, మళ్లీ తాళంచెవి, ఇలా ముక్కలు ముక్కలుగా నరికి పేర్చాను. కింద గుండె దడలాంటి సంగీతం పెట్టించాను. ఎంత నరికితే అంత చప్పబడిపోయింది. చూసేవాడికి దేన్నీ తేరిపార చూసే వీలు ఇవ్వకపోతే వాడు దేనికి భయపడతాడు?

ఇంకేదైనా పనికొచ్చే ముక్క ఉంటుందేమోనని పారేసిన టేకులు వెతకడం మొదలుపెట్టాను. అక్కడ దొరికింది అది. భోజనాల తరవాత తీసిన మొదటి టేకు. పక్కన 'పనికిరాదు' అని రాసి ఉంది.

ఆ షాట్ ఇదీ. కెమెరా నడవలో కదలకుండా ఉంది. ఎదురుగా వంటిల్లు మొత్తం కనిపిస్తోంది. మధ్యలో బల్ల, బల్లకో కుర్చీ, వెనక పొయ్యి. భోజనాలకు ముందు తీసిన షాట్‌లో ఆ కుర్చీ బల్ల కిందికి నెట్టి ఉంది. ఇందులో మాత్రం బయటికి లాగి ఉంది. అదీ నడవ వైపు తిరిగి ఉంది, ఎవరో అప్పటిదాకా అక్కడ కూర్చుని గుమ్మం వైపు చూస్తున్నట్టు.

"కుర్చీ ఎవర్రా కదిపింది?" అన్నాను.

నేనే అని తమ్ముడు ఒప్పుకున్నాడు. షాట్‌కి సర్దిన సామాను మీద ఎవరూ కూర్చోకూడదని యూనిట్‌కి రోజూ పాఠం చెప్పేది వీడే. ఆ రోజు ఆకలికి ఆగలేక అదే కుర్చీలో కూర్చుని భోజనం కానిచ్చాడట. లేచి చేయి కడుక్కుని యాక్షన్ అన్నాడట. కుర్చీ సంగతి కుర్చీకే వదిలేశాడు.

తిట్టడానికి బోలెడంత సరుకు సిద్ధం చేసుకున్నాను. తెర మీద టేకు నడుస్తోంది. హీరోయిన్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీకి వీపు పెట్టి పొయ్యి దగ్గర నిలబడింది. గిన్నె పెట్టింది. నీళ్లు పోసింది. వెనక్కి తిరిగేసరికి చేయి కుర్చీకి తగిలింది. ఆగిపోయింది. కుర్చీ వైపు చూసింది. ఇది ఇలా లేదే అనుకున్నట్టు నోరు తెరిచింది. ఎవర్నో అడుగుదామని తల కొంచెం ఎత్తింది. తరవాత తన జ్ఞాపకం మీద తనకే అనుమానం వచ్చినట్టు నోరు మూసుకుని, కుర్చీని మెల్లగా బల్ల కిందికి నెట్టి, పక్కకు వెళ్లిపోయింది.

నా నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఆ సినిమా నాకు కంఠతా వచ్చు. ఆ ఇంట్లో ఎవరూ లేరని తెలుసు, ఆ కుర్చీ కదిపిన దద్దమ్మ నా ముందే కూర్చున్నాడని తెలుసు. అయినా నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"ఆవిడ మధ్యలో ఆగిపోయిందక్కా, అందుకే పక్కన పడేశా," అన్నాడు తమ్ముడు.

"ఆగిపోయింది కాబట్టే అది బంగారం," అన్నాను. ఆవిడ నటించలేదు. పొద్దున కుర్చీ ఎక్కడుందో ఆవిడకు గుర్తుంది, మాకెవరికీ గుర్తులేదు. అడుగుదామా వద్దా అని ఒక్క క్షణం నలిగిపోయింది. ఆ నలుగుడే మా కథంతా.

ఇక నాకు పూనకం వచ్చింది. అంతవరకూ పేర్చిన ముక్కలన్నీ పీకేశాను. మొదట ఆవిడ తాళం తీసి లోపలికొస్తుంది, వంటింట్లోంచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతుంది. మామూలుగా అయితే మనిషి వెళ్లగానే షాట్ కోసేస్తాను. ఈసారి కోయలేదు. ఖాళీ వంటింటిని అలాగే ఉంచాను. బల్ల, సరిగ్గా నెట్టి ఉన్న కుర్చీ. ఇంకా దేనికి చూపిస్తున్నారు అని చూసేవాడు విసుక్కునేదాకా ఉంచాను, విసుగు పోయి తెరంతా వెతకడం మొదలుపెట్టేదాకా ఉంచాను. ఆ తరవాత కుళాయి కింద ఆవిడ చేతులు. తరవాత మళ్లీ అదే వంటిల్లు, అదే చోటు నుంచి. కుర్చీ బయటికి లాగి ఉంది. ఆవిడ వస్తుంది, కుర్చీకి వీపు పెడుతుంది. కోయమని వేళ్లు దురద పెడుతూనే ఉన్నాయి. వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

శబ్దం పని మా ఆయనది. ఇంట్లో అడిగితే తప్ప నోరు విప్పడు గానీ స్టూడియోలో చీమ నడిచినా వినిపించగలడు. విషయం చెప్పి, సంగీతం మొత్తం తీసేయమన్నాను. తీసేశాడు. దాని బదులు పాత ఫ్రిజ్ మోత ఒకటి సన్నగా మొదటి నుంచీ పెట్టాడు. చెవి దానికి ఎంత అలవాటు పడిపోతుందంటే అది ఉందనే తెలియదు. ఆవిడ పొయ్యి వైపు తిరిగి నిలబడ్డ చోట దాన్ని ఠక్కున ఆపేశాడు. ఆపి నా వైపు చూశాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన మీద నాకంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

మధ్యాహ్నం టైల్స్ ఆయన అన్నమాట ప్రకారం తల్లిని తీసుకొచ్చాడు. పెద్దావిడ స్టూడియో థియేటర్లో మొదటి వరసలో కాళ్లు చాపుకుని కూర్చుంది. లైట్లు ఆరినా ఆవిడ మాట ఆగలేదు. మోకాలి నొప్పి సంగతి, కొత్త కోడలు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయిన సంగతి, ఈ సినిమాలో చివరికి మొగుడే హంతకుడని తనకు ముందే తెలుసన్న సంగతి. పక్కనే టైల్స్ ఆయన ఫోన్‌లో ఏవో చూసుకుంటున్నాడు, మొహం మీద నీలం వెలుగు. తమ్ముడు తెర వైపు చూడటమే మానేసి నేల చూపులు చూస్తున్నాడు. నేను వాళ్ల వెనక వరసలో ఓ వారగా కూర్చుని పెద్దావిడ తలనే చూస్తున్నాను. ఆ తల పక్కకు వాలిందంటే మావాడి సినిమా వాడిది కాకుండా పోతుంది.

ఖాళీ వంటిల్లు వచ్చింది. "ఏముంది ఇందులో, బల్ల," అంది పెద్దావిడ. వంటిల్లు అలాగే ఉంది. ఆవిడ ఇంకేదో అనబోయి అనలేదు. కుళాయి. చేతులు. మళ్లీ వంటిల్లు. హీరోయిన్ వచ్చి వీపు తిప్పింది. ఫ్రిజ్ మోత ఆగిపోయింది. థియేటర్లో ఏసీ చప్పుడు కూడా ఆగిపోయినట్టనిపించింది.

పెద్దావిడ తల పక్కకు వాలలేదు. నిటారుగా లేచింది. చాపిన కాళ్లు మెల్లగా దగ్గరికి ముడుచుకుంది.

"ఆ కుర్చీ ఎవరు జరిపారు?" అంది.

చిన్న గొంతుతోనే అంది. తెర మీద హీరోయిన్‌కి ఇంకా ఏమీ తెలియదు, గిన్నెలో నీళ్లు పోస్తోంది. "వెనక్కి చూడవే పిచ్చిదానా," అని పెద్దావిడ గొణిగింది. టైల్స్ ఆయన మొహం మీద నీలం వెలుగు ఆరిపోయింది. హీరోయిన్ చేయి కుర్చీకి తగిలి, ఆగి, నోరు తెరిచి, మూసుకున్నప్పుడు ఆ తల్లీకొడుకులు ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఉన్నారు. నేను తమ్ముడి డొక్కలో మోచేత్తో పొడిచాను. వాడు తలెత్తి వాళ్లను చూశాడు. వాడి కళ్లు నిండిపోయాయి. నావీ నిండాయి. నేను తుడుచుకోలేదు, చీకటేగా.

ఇంటర్వెల్‌కి లైట్లు వెలిగాక టైల్స్ ఆయన గొంతు సవరించుకుని, ఆ పేరున్న దర్శకుడికి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తానన్నాడు. తరవాత తమ్ముడి భుజం మీద చేయి వేసి, పోస్టర్ మీద నీ పేరు కొంచెం పెద్దగా వేయిద్దాం అన్నాడు. తమ్ముడు తలూపాడు. ఈసారి మాత్రం ఆ ఊపులో దర్జా ఉంది. కుర్చీ ఆలోచన ఎలా వచ్చిందయ్యా అని ఆయన అడిగితే మావాడు నా వైపు దొంగచూపు చూశాడు. భోజనం దగ్గర వచ్చిందండీ అని నేనే చెప్పాను. అందులో అబద్ధం ఏముంది?

పెద్దావిడ నా దగ్గరికొచ్చి, తనకు తోడుగా బాత్రూమ్‌దాకా రమ్మంది. సంగతేమిటో నాకు తెలుసు కాబట్టి నవ్వు ఆపుకుంటూ వెంట వెళ్లాను. వరండా చివర గోడ పక్కన వాచ్‌మన్ కుర్చీ ఉంటుంది. మధ్యాహ్నం లోపలికి వచ్చేటప్పుడు అది గోడకు ఆనించి ఉండటం మేమిద్దరమూ చూశాం. ఇప్పుడది వరండా మధ్యలో, మా వైపు తిరిగి ఉంది. వాచ్‌మన్ కనుచూపు మేరలో లేడు.

పెద్దావిడ ఆగిపోయి నా మోచేయి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగాయి. ఇన్నేళ్ల నా పనికి అంతకన్నా గొప్ప మెచ్చుకోలు ఎవరూ ఇవ్వలేదు.

"నువ్వు ముందు నడువమ్మా," అంది.

నడిచాను. కుర్చీని మాత్రం ముట్టుకోలేదు.