చెప్పులు చూసి కొన్న ఇల్లు

కొనాలనుకున్న సరుకు మీద ఆశ ఉన్నట్టు కనబడితే ధర పెరుగుతుంది. మా నాయన నాకిచ్చిన ఆస్తి ఈ ఒక్క మాటే. తక్కిన ఆస్తి మా అన్న తీసుకున్నాడు. మద్రాసు తొండియార్‌పేటలో ప్లాస్టిక్ బక్కెట్లు, బిందెలు, కుర్చీలు అమ్ముకుంటూ నేను ఇన్నేళ్ళు నిలబడింది ఆ మాట మీదే. హోల్‌సేలు వాడి గోడౌనుకు పోతే నాకు కావలసిన బిందెల వైపు చూడనే చూడను. చీపుళ్ళ ధర అడుగుతాను.

అందుకే పెరంబూరులో నాలుగు పోర్షన్ల పాత ఇల్లొకటి అమ్మకానికి ఉందని బ్రోకరు సుబ్బన్ చెప్పినప్పుడు నేను లోపలికి పోలేదు. ఎదురుగా ఉన్న టీకొట్లో కూర్చున్నాను. మూడు ఆదివారాలు అక్కడే కూర్చుని, ఎవరికోసమో కాచుకున్నవాడిలా టీ తాగాను. కింద రెండు పోర్షన్లు, పైన రెండు. నాలుగు తలుపుల ముందూ చెప్పులున్నాయి. మిద్దె మీద నాలుగు తీగల నిండా బట్టలున్నాయి. అంటే నాలుగు కాపురాలు. ఆ వీధిలో అలాంటి పోర్షనుకు ఎనిమిది వేలు అద్దె. నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు. చెప్పులు అబద్ధం చెప్పవు కదా అనుకున్నాను.

బేరం కూడా ఆ టీకొట్లోనే. ఇంటి యజమాని ప్రేమ్‌నాథ్ మెత్తని మనిషి, మాటకు ముందు దేవుణ్ణి తలుచుకుంటాడు. డెబ్బై రెండు లక్షలన్నాడు. మా ఊళ్ళో అద్దెకు దిగేవాళ్ళు ముందుగా అడ్వాన్సు ఇస్తారు, ఖాళీ చేసేటప్పుడు అది తిరిగి ఇవ్వాలి. పోర్షనుకు యాభై వేలేసుకున్నా మొత్తం రెండు లక్షలు.

"అన్నా, ఇంట్లో ఉండేవాళ్ళకు తిరిగియ్యాల్సిన దుడ్లంతా నా నెత్తినేసుకుంటా. నువ్వు రెండు లచ్చలు తగ్గించు" అన్నాను.

ప్రేమ్‌నాథ్ ఆకాశం వైపు చూసి, "సరే, దేవుని చిత్తం" అన్నాడు.

అమ్మేవాడు అంత తొందరగా ఒప్పుకుంటే బిందెకు ఎక్కడో చిల్లు ఉన్నట్టే. ఇది కూడా మా నాయన చెప్పిందే. ఆ పూట గుర్తుకు రాలేదు. రెండు లక్షలు తగ్గించానన్న సంతోషంలో మనిషికి నాయన గుర్తుంటాడా?

ఇంటికి వచ్చి నా భార్య మంగళ ముందు లెక్క పరిచాను. ఇంటికి డెబ్బై, రిజిస్ట్రేషనుకూ చిల్లర ఖర్చులకూ ఏడు, మొత్తం డెబ్బై ఏడు లక్షలు. బ్యాంకు లోను నలభై ఐదు. నా ఫిక్సెడ్ డిపాజిట్లు పద్దెనిమిది. ఇంకా పద్నాలుగు తక్కువ. ఆ పద్నాలుగూ మంగళ ఒంటి మీద ఉన్నాయి.

"లోనుకు నెలకు నలభైవేల ఐదొందలు కట్టాల. అద్దె ముప్పై రెండు వేలు వస్తాది. ఎనిమిదిన్నర వేలు అంగట్లోంచి వేస్తా. నగల మీద రూపాయి వడ్డీ పద్నాలుగు వేలు. అంతా ఇరవై రెండున్నర వేలు. మోస్తాను."

మంగళ నా లెక్క వినలేదు. "ఇంట్లో కాలు పెట్టకుండా నా నగలు ఎట్లా అడుగుతావయ్యా? నన్ను చేసుకునేటప్పుడన్నా నాలుగు తూర్లు వచ్చి చూస్తివే."

"అప్పుడు నాకు యాపారం తెలీదు."

ఆ మాటకు రెండు రోజులు చారు మాత్రమే పోసింది. కానీ డిపాజిట్లు చేతికి రావడానికి ఇంకా నెల ఉందని, బయానా ఇప్పుడే ఇవ్వాలని చెబితే బంగారు గాజులు తీసి ఇచ్చింది. ఖాళీ చేతులకు రబ్బరు గాజులు వేసుకుని, "ఇవి నీ అంగడివే, పైకమడగొద్దు" అంది. గాజులు కుదువపెట్టి ప్రేమ్‌నాథ్‌కు రెండు లక్షలు బయానా ఇచ్చాను. అగ్రిమెంటు రాసుకున్నాము. బేరం చెడితే ఆ గాజులు ఇక గోవిందా.

మరుసటి వారం మంగళ నాకు చెప్పకుండా పెరంబూరు పోయివచ్చింది. సాయంత్రం అంగడికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"కుళాయిలో నీళ్ళు బాగా వస్తాండాయి. పైన బాత్రూముకు తలుపు లేదు, గోనెపట్ట కట్టినారు. పైన రెండు పోర్షన్లూ కన్నియమ్మ అని ఒకామెవే. ఒకదాంట్లో ఆమె, ఒకదాంట్లో కూతురూ అల్లుడూ. కాఫీ ఇచ్చింది. మంచామె. అద్దె మాత్రం కట్టదంట."

"కట్టదా? నేనొచ్చినాక కడతాది."

"ఏడూ ఏడూ పద్నాలుగు లచ్చలు ముందే ఇచ్చేసిందంటయ్యా. భోగ్యం."

చేతిలో ఉన్న మగ్గు కింద పడింది. మంచి సరుకు కాబట్టి పగల్లేదు. భోగ్యమంటే మా మద్రాసులో అందరికీ తెలిసిందే. ఇంట్లో దిగేవాళ్ళు ఒక పెద్ద మొత్తం ఇచ్చేస్తారు, నెలనెలా అద్దె ఉండదు. గడువు తీరాక యజమాని మొత్తం తిరిగి ఇవ్వాలి. చెప్పులు నాలుగు తలుపుల ముందు ఉన్నమాట నిజమే. అద్దె మాత్రం రెండు తలుపుల వెనకే ఉంది. పైగా తిరిగి ఇవ్వవలసిందంతా నా నెత్తిన వేసుకున్నాను, రెండు లక్షలకు.

ప్రేమ్‌నాథ్ దగ్గరికి పరుగెత్తాను. సుబ్బన్ కూడా అక్కడే ఉన్నాడు.

"భోగ్యమని ఎందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు అడగలేదు కదన్నా. నెత్తినేసుకుంటానంటివి. కాగితంలో కూడా అట్లే రాసుండాది. దేవుడు సాక్షి."

సుబ్బన్ నన్ను ఓదార్చబోయాడు. "నీకు ముందు ముగ్గురు వచ్చినారు సార్. లోపలికి పోయినారు, కన్నియమ్మతో మాట్లాడినారు, పారిపోయినారు. లోపలికి పోని పార్టీ నువ్వొక్కడివే. మంచి పార్టీ అని అప్పుడే అన్నకు చెప్తి."

నన్ను అంతగా పొగిడిన బ్రోకరు ఇంకొకడు లేడు.

బ్యాంకులో విషయం దాచే వీల్లేదు. వాళ్ళ లాయరు కాగితాలన్నీ తిరగేసి, "ఆ పద్నాలుగు లక్షలు ఎవరు తిరిగిస్తారో ఆమెకు తెలుసునని, అందుకు సమ్మతమేనని కన్నియమ్మ సంతకం తీసుకురండి. లేదంటే లోను రాదు" అన్నాడు. మంగళ చేత కబురు పెట్టాను. ఆలోచించి చెప్తానందట. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మంగళ అన్నం వడ్డించినప్పుడల్లా ఆ రబ్బరు గాజులు చప్పుడు చేయవు. బంగారు గాజుల గలగల కూడా ఆ నిశ్శబ్దమంత గట్టిగా నాకు ఎప్పుడూ వినబడలేదు.

ఐదోనాడు అంగడికి ఒక పెద్దావిడ వచ్చింది. తెల్ల జుట్టు, ముక్కుకు రెండు పక్కలా పుడకలు.

"చీపురెంతబ్బయా?"

"డెబ్బై."

చీపురు పక్కన పెట్టి బక్కెట్టు ఎత్తింది. అడుగున వేలితో కొట్టి, ఎండకు ఎత్తి చూసింది. అచ్చం నేను గోడౌన్లో చేసినట్టే. చీపురు ధర అడిగేవాళ్ళకు చీపురు అక్కర్లేదని నాకంటే ఎవరికి బాగా తెలుసు?

"నేను పెరంబూరు కన్నియమ్మను. మూడు ఆదివారాలు మా చెప్పులు లెక్కబెట్టినోడివి నువ్వేగదా?"

నేను చీపురు తీసి కాగితం చుట్టడం మొదలుపెట్టాను.

"దొంగోడివని మా అల్లుడు మంచం కింద కర్ర పెట్టుకోనుండాడు. పోలీసులకు చెప్దామన్నాడు. నేనే వద్దంటి. దొంగైతే టీకి అప్పు పెడతాడు, వీడు దుడ్లిచ్చి తాగతాండాడు అంటి."

"చాలా సంతోషం పెద్దమ్మా."

"ఇప్పుడు నా వంతు. నాలుగు దినాలుగా నీ అంగడికి ఎదురుగా చెరుకురసం బండి కాడ కూర్చోనుండా. వచ్చినోళ్ళలో ముక్కాలు మంది కొనే పోతాండారు. పరవాల్లా. మధ్యాన్నం గల్లాపెట్టె మీద తల పెట్టి నిద్రపోతాండావు. అది మానుకో."

మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే ఉంచుకుంది. "మా ఆయన వర్కుషాపులో ముప్పై ఏండ్లు ఇనుము మోసినాడు. ఆయన పోయినాక ఆయన దుడ్లంతా తెచ్చి ఆ ఇంటిమీద పెట్టినా. ప్రేమ్‌నాథ్‌ అది ఖర్చు పెట్టేసినాడు. నాకియ్యలేకనే ఇల్లు అమ్ముతాండాడు. నువ్వేమో ఇల్లే చూడకుండా కొంటాండావు. మీ ఇద్దర్నీ నమ్మి నేను సంతకం పెట్టాలంట."

"మరేం చెయ్యమంటావు?"

"పద్నాలుగు లచ్చలు వాని చేతికి పోకూడదు. నీ చేతికీ రాకూడదు. వానికియ్యాల్సిన డెబ్బైలో తగ్గించుకుని, నాకు బాకీ అని రిజిస్టరు కాగితంలో రాయండి. భోగ్యం ఇంకో మూడేండ్లు పొడిగించు. బాత్రూముకు తలుపు పెట్టించు. అట్లయితే పెడతా."

నేను చీపురు చుట్టిన కాగితం చింపి లెక్క వేశాను. ప్రేమ్‌నాథ్‌కు ఇవ్వవలసింది యాభై ఆరే. ఖర్చులతో అరవై మూడు. నలభై ఐదూ పద్దెనిమిదీ అరవై మూడు! నగలు ఒక్కటి కూడా కదలక్కర్లేదు. అద్దె పదహారు వేలే వస్తుంది, అంగట్లోంచి ఇరవై నాలుగున్నర వేలు వేయాలి. పాత లెక్కకంటే రెండు వేలు ఎక్కువ. మంగళ నగలు మంగళ ఒంటి మీదే ఉండటానికి నెలకు రెండు వేలు. ఇంతకంటే చౌకగా ఇంటి ప్రశాంతత ఏ బజార్లోనూ దొరకదు.

లోపల ఎగిరి గంతేశాను. పైకి మాత్రం నుదురు రుద్దుకుని, "చాలా కష్టం పెద్దమ్మా. తలుపు ఖర్చులో సగమన్నా నువ్వు పెట్టుకో" అన్నాను.

ఆమె నా మొహం కేసి ఒక్క నిమిషం చూసింది. "ఆశ బాగా కనపడతాందబ్బయా" అని బక్కెట్టు చంకన పెట్టుకుని లేచింది. బక్కెట్టుకు పైకం ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ప్రేమ్‌నాథ్ ఒప్పుకోనన్నాడు, దేవుణ్ణి నాలుగుసార్లు తలిచాడు. ఆమె సంతకం లేకుండా ఏ బ్యాంకూ ఎవరికీ లోనివ్వదని సుబ్బనే అతనికి నచ్చజెప్పాడు. తన కమీషను కోసం సుబ్బన్ దేవుడికైనా నచ్చజెప్పగలడు. రిజిస్ట్రేషను అయింది. డిపాజిట్ల డబ్బుతో గాజులు విడిపించుకొచ్చాను. పైన బాత్రూముకు తలుపు కూడా పెట్టించాను, మొత్తం నా ఖర్చే.

ఒకటో తారీకు మొదటిసారి ఆ ఇంటి లోపలికి పోయాను, మంగళతో కలిసి. కిందివాళ్ళు పదహారు వేలు ఇచ్చారు. పైన కన్నియమ్మ కాఫీ ఇచ్చి, కుర్చీ ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"పోయిన నెల అమ్మకం ఎంత?"

బ్యాంకు మేనేజరు కూడా నన్నట్లా అడగలేదు. చెప్పాను.

"మధ్యాన్నం నిద్ర?"

"మానేశాను."

"మూడేండ్ల తర్వాత నా పద్నాలుగు లచ్చలు ఎట్లా ఇస్తావు?"

"దానికేముంది పెద్దమ్మా, ఇంకా మూడేండ్లు ఉండాది కదా" అన్నాను ధైర్యంగా. "ఏదో ఒక దారి ఇంట్లోనే దొరుకుతాది."

మంగళ కాఫీ గ్లాసు కింద పెట్టి, పైటకొంగు ముందుకు లాక్కుని గాజులు రెండూ కప్పేసుకుంది.