టంకం పెట్టకూడని కొస

2024 డిసెంబరు 12, గురువారం. ఆ పొద్దున ముస్తఫా ఖిచిడీ, చింతపండు ఖట్టా తిన్నాడు. ఖట్టాలో పులుపు కాస్త ఎక్కువైంది గానీ ఖిచిడీ అడుగంటలేదు. భార్య కుల్సుమ్ పోయిన నాలుగేళ్లలో అడుగంటని పూటలు ఆయనకు బాగా గుర్తుంటాయి.

ఆ రోజు గుర్తుండటానికి ఇంకో కారణమూ ఉంది. బోధన్ బజారు సందులో ఆయనది రేకు డబ్బాల కొట్టు. కొట్టు పక్కన వాకిట్లో మూడు రోజులుగా ఒక పెద్ద రేకు గరాటు ఆకాశం వైపు నోరు తెరుచుకుని కూర్చుంది. చుక్కల పరిశీలనకు ఆయన చేత దాన్ని చేయించుకున్నది చెరకు రైతు సిద్దిరాములు కూతురు సుష్మ. డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. పుణె వైపు ఒక రేడియో టెలిస్కోపు దగ్గర వేసవి శిక్షణకు దరఖాస్తు పెడుతోంది. సొంతంగా చేసిన పరిశీలన ఒకటి దానికి జతచేయాలి. గడువు ఆ సాయంత్రం ఐదు గంటలకే. గరాటు మాత్రం ఇంతవరకు ఏమీ పట్టలేదు.

ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి పెట్టుకున్న గంగుబాయి మూడు రోజులుగా ఊరుకోవడం లేదు.

"ఏం ముస్తఫా భాయ్, చుక్కలు పడ్డయా గరాటుల?"

"పడ్తయి. జర ఆగు."

"పట్టపగలా? గంత తిప్పలెందుకు? మా ఆయన రోజూ సూపిస్తుండె నాకు!"

సుష్మ లాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తకుండానే నవ్వింది. ముస్తఫా మాత్రం అదే సందేహాన్ని మెల్లగా అడిగాడు. "నిజమే బిడ్డా, ఎండల ఎట్ల కనబడ్తయి?"

"కంటికి కనబడే వెలుగు గోరంతనే చాచా. నీ టంకం కడ్డీ ఎర్రగ గాకముందే చెయ్యి దగ్గరికి తెస్తే సెగ తగుల్తది గద? గది సుత వెలుగే. కన్నుకు అందదు, అంతే. రేడియో అలలు సుత గంతే. చుక్కల నడుమ హైడ్రోజన్ వాయువు ఉంటది. దాని అల జానెడు పొడుగుంటది. దానికి పగలైనా రాత్రైనా ఒక్కటే."

"మరి ఎక్స్‌రే?"

"గది సుత వెలుగే. ఆకాశంల ఒకటే జాగను ఒక్కో వెలుగుల సూస్తే ఒక్కో ముచ్చట చెప్తది. సెగల సూస్తే దుమ్ము ఎనక పుడుతున్న చుక్కలు కనబడ్తయి. ఎక్స్‌రేల సూస్తే మస్తు కాగిన వాయువు కనబడ్తది."

ముస్తఫాకు నిజామాబాద్ ఆసుపత్రి కిటికీకి ఆనించి డాక్టరు చూపించిన నల్లటి ఫిల్ము గుర్తొచ్చింది. అందులో కుల్సుమ్ పక్కటెముకలు. ఆ నలుపును ఇన్నాళ్లూ తిట్టుకున్నాడు. ఆమె గుండె దాకా వెళ్లి వచ్చింది కూడా ఒక వెలుగేనని తెలిస్తే ఎందుకో మనసు కొంచెం తేలికైంది.

రెండు దాటింది. లాప్‌టాప్‌లో గీత చదునుగానే ఉంది. గరాటును ఆకాశానికి తిప్పినా, గోడకు తిప్పినా ఒకటే గీత.

"వైరు మార్చిన, అన్ని మల్ల జూసిన," అంది సుష్మ. "ఏం దొర్కలేదని రాసి పంపిస్త చాచా. ఇగ నన్నెవరు పిలుస్తరు?"

ఆమె మడిచిపెట్టబోతున్న గరాటు బొమ్మ కాగితాన్ని ముస్తఫా తీసుకున్నాడు. గరాటు గొంతులో డబ్బా, ఆ డబ్బా లోపల వేలంత రాగి తీగ. "గిది ఏం జేస్తది?"

"అలను పట్టేది గదే. కొస దేనికీ తగలకుండ గాలిల ఒంటిగ నిలవడాలె."

ముస్తఫా చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది.

నలభై ఏళ్లుగా ఆయన చేతి కింద నుంచి ఊగే కొస ఒక్కటీ బయటికి పోలేదు. చెరకు రసం గరాటైనా, కిరోసిన్ డబ్బా అయినా ఊగేదాన్ని అతికించాకే ఇచ్చేవాడు. పైగా రేకు పని లోపల చెయ్యి పెట్టొద్దని, అంచు కోస్తుందని సుష్మకు చెప్పిందీ ఆయనే. ఆమె అన్నీ చూసింది, లోపల తప్ప.

చెప్పకుండా ఉండొచ్చు. ఆమె సామాను సర్దుకుని వెళ్లిపోతుంది, తప్పు ఎవరికీ తెలియదు. ముస్తఫా గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, తప్పు నా చేతిదే. ఆ తీగ ఊగుతుండె. నువ్వు మర్చిపోయినవనుకున్న. కొసకు ఆసరా పెట్టి టంకం వేసిన. నిన్ను అడగకపోతి."

సుష్మ ఫోను లైటు వేసి లోపలికి చూసింది. తీగ కొస నుంచి డబ్బా గోడ దాకా సన్నని రేకు పట్టీ. ఆమె చాలాసేపు అలాగే వంగి ఉంది. తర్వాత ఫక్కున నవ్వింది.

"ఎంత మంచిగ అతికిచ్చినవ్ చాచా! చుక్కలే జారిపోయినయ్!"

ఆయన నవ్వలేకపోయాడు. కడ్డీ కాల్చి, ఊపిరి బిగబట్టి టంకం కరిగించాడు. పట్టీ ఊడింది. తీగ ఒంటిగా నిలబడి కొద్దిగా ఊగింది. అలా వదిలేయడానికి ఆయన చేతులు ఒప్పుకోలేదు. వాటిని లుంగీకి తుడుచుకుని దూరంగా జరిగాడు.

హైడ్రోజన్ మెండుగా ఉండే హంస నక్షత్రమండలం మూడు గంటలకు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటుందట. ఎండలో అటువైపు ఏమీ కనిపించడం లేదు. ఇద్దరూ కలిసి గరాటును అటు తిప్పారు. పది నిమిషాలు గడిచాయి. చదును గీత నడుమ ఏదో ఉబ్బింది. ఇంకో పది నిమిషాలకు ఆ ఉబ్బు చక్కగా నిలిచింది.

"గదే చాచా! హైడ్రోజన్!"

గంగుబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "గీ బుడిపె కోసమా మూడు దినాలు?"

"గది బయలెల్లి వేల ఏండ్లయింది అవ్వా."

"అయ్యో, గంత దూరంకెల్లి వచ్చిందా!" అంటూ గంగుబాయి వెళ్లి పొట్లం కట్టి తెచ్చింది. "తినుండ్రి, వేడిగున్నయి."

నాలుగుంపావుకు దరఖాస్తు వెళ్లిపోయింది. పిలుపు వస్తుందో లేదో ఫిబ్రవరిలో తెలుస్తుంది. పోయేముందు సుష్మ, పొద్దున దాకా గరాటును కదిలించొద్దని, పాలపుంత దాని మీదుగా జరుగుతుంటే లాప్‌టాప్ రాసుకుంటుందని చెప్పింది.

రాత్రి ఇషా నమాజు అయ్యాక ముస్తఫా, మంచు పడకుండా లాప్‌టాప్ మీద బోర్లించిన డబ్బాను సరిచూశాడు. కొట్టుకు రేకు తలుపు. రోజూ లాగి వేస్తే సందంతా మోగుతుంది. ఆ రాత్రి ఆయన దాన్ని రెండు చేతులతో కాస్త పైకెత్తి, గరాటు వంక ఒకసారి చూసి, చప్పుడు కాకుండా దగ్గరకు వేశాడు.