సంఘం మంచికే

సాగర్ రోడ్డు పక్కనున్న చర్చికి పునాది తీసినప్పుడు రాళ్లు మోసిన ఆడవాళ్లలో బుగ్గమ్మ ఒకతె. పగలంతా ఇబ్రహీంపట్నం పొలాల్లో నాట్లేసి, పొద్దుగూకే వేళకు తట్ట ఎత్తుకునేది. ఆ తర్వాత నలభై ఏళ్లు, ఆదివారం ఆమె పాట ఎత్తుకుంటేనే ఆరాధన మొదలయ్యేది. చదువు రాదు, పాటలన్నీ నోటికే. మనుమరాలికి స్తుతి అని పేరు పెట్టిందీ ఆమే.

పక్షవాతంతో ఆమె ఎడమ చెయ్యి పడిపోయిన ఏడాదే, వాళ్ల వార్డు ఎస్సీలకు రిజర్వయింది. కొడుకు వినోద్ కుమార్ కౌన్సిలర్‌గా నిలబడాలనుకున్నాడు. అతను క్రైస్తవుడు, ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని ఎవరో ఫిర్యాదు చేశారు. విచారణకు అధికారి వస్తున్నాడని తెలిసి, వినోద్ గోడమీది సిలువ తీసేసి తల్లి మంచం దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, ఎన్నడూ చర్చికి పోలేదని చెప్పు. ఒక్క మాట."

"అబద్ధమెట్ల చెప్పాల్రా? నీకు బాప్తిస్మం ఇప్పించింది నేనే గద."

"గందుకే చెప్పమంటున్న."

"సారు అడిగితే ఉన్నదే చెప్త, బిడ్డా."

అధికారి వచ్చి కుర్చీలో కూర్చోగానే వినోదే ముందు మాట్లాడాడు. "బీమారొచ్చినప్పటి సంది మా అమ్మకు మతి లేదు సార్."

"నాకు మతి ఉన్నది" అంది బుగ్గమ్మ. "నేను యేసయ్య బిడ్డను."

వినోద్ నవ్వాడు. "చూసిండ్రా? నిన్న పోచమ్మ బిడ్డనన్నది."

అధికారి గుమ్మంలో నిలబడ్డ స్తుతిని అడిగాడు. "ఏమ్మా, మీ నాయినమ్మ రోజూ గిట్లనే మాట్లాడ్తదా?"

ఇంటర్ చదివే పిల్ల. తండ్రి ముఖం చూసింది. "అవ్ సార్" అంది.

బుగ్గమ్మ కళ్లు మూసుకుంది.

అధికారి అటునుంచి చర్చికి వెళ్లాడు. ఆ తల్లీకొడుకుల పేర్లతో మా సంఘంలో ఎవరూ లేరని పాస్టర్ వీరస్వామి రాసిచ్చాడు. సాయంత్రం ప్రార్థన చేయడానికి ఆయనే ఇంటికొచ్చాడు.

"అయ్యగారూ, రిజిస్టర్ల నా పేరున్నదా?"

"పరలోకంల ఉన్నదమ్మా."

"ఈడ?"

వీరస్వామి తల వంచుకున్నాడు. "ఈడ తీసేసినం. చర్చికి ప్రహరీ కట్టిస్తనన్నడు నీ కొడుకు. సంఘం మంచికే గద."

"నేను రాళ్లు మోసిన గుడి అయ్యగారూ అది" అంది బుగ్గమ్మ. ఆయన ప్రార్థన చేయకుండానే లేచి వెళ్లిపోయాడు.

వినోద్ గెలిచాడు. మూడో వారం బుగ్గమ్మ చనిపోయింది. సమాధుల తోటలో పెనిమిటి పక్కన పెట్టమని ఎన్నోసార్లు చెప్పుకుంది. వినోద్ నుదుట కుంకుమ పెట్టించి, డప్పులతో ఊరేగించి, చితిమీద కాల్చేశాడు. చర్చి ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చారు గాని ఎవరూ పాట ఎత్తలేదు.

ఆ ఆదివారం స్తుతి ఒంటరిగా చర్చికి వెళ్లింది. వీరస్వామి మెట్లమీదే ఆపాడు.

"ఎవరన్న చూస్తే మీ బాపు పదవికి మోసమైతది. ఐదేండ్లు రాకు బిడ్డా."

"నాయినమ్మ కోసం ఒక్క పాట పాడి పోత."

"వద్దు."

ఇంటికొచ్చేసరికి వినోద్ వాకిట్లో మనుషులతో మాట్లాడుతున్నాడు.

"ఎటు పోయినవ్?"

"దోస్తు ఇంటికి" అంది స్తుతి. ఆ అబద్ధం చెప్పడానికి ఆమె నోరు తడబడలేదు.