చుట్టుకొలతల పంపకం

గది అంటే చుట్టూ ఉన్న గోడలా, ఆ గోడల మధ్య ఉన్న నేలా?

దర్జీ దుకాణంలో కత్తెరమ్మ ఈ ప్రశ్న వేసినప్పుడు ఆమె కాక నలుగురున్నారు. బాబాయి మెడలోని టేపు సర్దుకున్నాడు. తమ్ముడు గోరు కొరుక్కున్నాడు. మరదలు కుట్టుమిషను మీద లేని దుమ్మును శ్రద్ధగా తుడిచింది. గోడ కట్టడానికి వచ్చిన తాపీమేస్త్రి గుమ్మంలో నిలబడి తన ఇటుకల వంక చూసుకున్నాడు.

తండ్రి ఉన్నన్నాళ్లూ ఆ దుకాణానికి లోపల గోడ లేదు. వీధి వైపు నలుచదరపు హాలు, పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. దాని పక్కన, ఒక తెర అవతల, నాలుగే అడుగుల వెడల్పుతో బయలుదేరి, హాలు అయిపోయాక కూడా వెనక్కి సాగి, ఇరవై అడుగుల దగ్గర ఆగే సందులాంటి గది. హాల్లో కోతబల్ల ఉండేది, సందులో బట్టల తానులు ఉండేవి. తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లు వేరుపడదామనుకున్నారు. తెర ఉన్నచోట గోడ లేపి, చెరోవైపు చెరో దుకాణం పెట్టుకోవాలి. పెద్దమనిషిగా బాబాయి కూర్చున్నాడు.

ఆ ఇంట్లో తరతరాలుగా మనుషుల్ని చుట్టూ కొలిచారు. మెడ చుట్టూ, ఛాతీ చుట్టూ, నడుము చుట్టూ. టేపు చేతిలో పడగానే దేన్నో ఒకదాన్ని చుట్టిరావడం వాళ్ల వేళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. బాబాయి ఆ విద్యనే ప్రయోగించాడు. గోడల వెంట టేపు పాకిస్తూ హాలు చుట్టూ తిరిగాడు, నలభై ఎనిమిది అడుగులు వచ్చింది. సందు చుట్టూ తిరిగాడు, అక్కడా నలభై ఎనిమిదే. “చూశారా, దేవుడే కొలిచి పెట్టినట్టుంది!” అని మురిసిపోయి, హాలు తమ్ముడికి, సందు అక్కకి అని తేల్చేశాడు. కోతబల్ల మాత్రం తండ్రి మాట ప్రకారం కత్తెరమ్మదే.

ఆ బల్ల ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. నాలుగడుగుల సందులో వేస్తే అటు అరడుగు, ఇటు అరడుగు మిగులుతుంది. గుడ్డ కోసే మనిషి బల్ల చుట్టూ తిరగాలి. ఒకసారి తల దగ్గర, ఒకసారి అంచు దగ్గర నిలబడాలి. అరడుగులో పిల్లి తిరుగుతుంది గాని మనిషి తిరగలేడు. కోత లేని దర్జీ, పక్కవాడు కోసిచ్చింది కుట్టే కూలీ. ఆ పక్కవాడు ఎవరో వేరే చెప్పనక్కరలేదు. తండ్రి తన చేతికి కత్తెర ఇచ్చి ఆ పేరు పెట్టింది తమ్ముడి కోతలు కుట్టడానికి కాదని ఆమెకు తెలుసు. పంపకం జరిగినప్పటి నుంచీ కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల మధ్య తిరుగుతూనే ఉంది. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే తెర పక్కకు లాగి మళ్లీ చూడబుద్ధి.

“ఏమ్మా, ఇంకా ఆలోచనేంటి?” అన్నాడు బాబాయి చివరికి. “రెండూ నలభై ఎనిమిదే. నేనేం తక్కువ కొలిచానా?”

“టేపు తక్కువ కొలవలేదు బాబాయ్. కొలవాల్సింది కొలవలేదు.”

ఒట్టి మాటల మీద ఆమెకు నమ్మకం లేదు. నమూనాలు కత్తిరించే ముతక కాగితాన్ని అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కలుగా కోసి సిద్ధంగా ఉంచుకుంది. వాటిని సందులో నేల మీద పరిచింది. అడ్డంగా నాలుగు, నిలువుగా ఇరవై. ఎనభై ముక్కలతో సందు నిండిపోయింది. అవే ముక్కలను ఏరి తెచ్చి హాల్లో పరిచింది. వరుసకి పన్నెండు చొప్పున ఆరు వరుసలు నిండాయి. ఏడో వరుసలో ఎనిమిది పడ్డాయి. అక్కడితో కాగితాలు అయిపోయాయి. హాలు మాత్రం అయిపోలేదు. దాదాపు సగం నేల, వడ్డించని విస్తరిలా, ఖాళీగా వాళ్ల ముందుంది.

“నూట నలభై నాలుగు పట్టే హాలు వాడిది. ఎనభై పట్టే సందు నాది,” అంది. “ఇదా దేవుడి కొలత?”

“ఆడుకోడానికి బావుంది,” అన్నాడు బాబాయి. “కానీ కొలతంటే కొలతే. ఇద్దరి నడుమూ ముప్పై ఆరైతే ఇద్దరికీ ఒకే బెల్టు సరిపోదా?”

“బెల్టు సరిపోతుంది. చొక్కా సరిపోతుందా? చేతిరుమాలుకీ, సన్నటి కండువాకీ అంచు కుట్టు ఒకే పొడవు రావచ్చు. దారం సమానంగానే ఖర్చవుతుంది. గుడ్డ సమానమా? మీరు నాకు అంచు పంచారు బాబాయ్, వాడికి గుడ్డ పంచారు.”

తాపీమేస్త్రికి నవ్వొచ్చింది. దాన్ని దగ్గులోకి మళ్లించుకున్నాడు. “అమ్మా, గీత చూపిస్తే మొదలుపెడతా. సిమెంటు కలిపేశాను. దానికి మనంత ఓపిక ఉండదు.”

కత్తెరమ్మ అందుకోసమే కాచుకుని ఉంది. రెండు గదులూ కలిపితే రెండు వందల ఇరవై నాలుగు ముక్కలు. సగం నూట పన్నెండు. తన దగ్గర ఎనభై ఉన్నాయి, ఇంకా ముప్పై రెండు రావాలి. తెర పొడవు పన్నెండడుగులు. ముప్పై రెండును పన్నెండుతో భాగిస్తే రెండడుగుల ఎనిమిది అంగుళాలు. తెర నుంచి హాల్లోకి అంత దూరం కొలుచుకుని, దర్జీ సుద్దతో ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసింది.

“గోడ ఇక్కడ లేవాలి. ఇప్పుడు చెరో నూట పన్నెండు. నా బల్లకి రెండు పక్కలా మనిషి తిరిగే చోటుంటుంది.”

బాబాయి కాగితాల వంక చూడనైనా చూడలేదు. టేపు తీసి, అలవాటు ప్రకారం, కొత్త గీతను కలుపుకుని రెండు భాగాల చుట్టూ తిరిగాడు. తిరిగి వచ్చేసరికి ఆయన ముఖంలో గెలుపు.

“ఇప్పుడు నీ వైపు యాభై మూడు దాటింది. తమ్ముడిది నలభై మూడుకి కూడా రాలేదు. ఇంత అన్యాయమా అమ్మాయ్?”

“అక్కా!” తమ్ముడు అప్పటికి నోరు తెరిచాడు. “పదడుగులు ఎక్కువ లాక్కుంటావా? తోడబుట్టినదానివేనా?”

“సొంతవాళ్లే ఇలా చేస్తే బయటివాళ్లని ఏమంటాం,” అంది మరదలు, ఎవరితోనూ కానట్టు.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే ఇల్లు అది. కానీ కత్తెరమ్మ బాబాయిని చూడటం మానేసి తమ్ముణ్ణి చూసింది. కాగితాలు అయిపోయిన క్షణంలో వాడి పాదం ఏం చేసిందో ఆమె కనిపెట్టింది. ఆ పాదం ఖాళీ నేల మీదికి జరిగి, దాన్ని కప్పుకుని నిలబడింది.

“పోయినసారి వచ్చిన గుడ్డ తాను పొడవు సరిగ్గా ఉందిగా, ఎందుకు వెనక్కి పంపావురా?” అని అడిగింది మెల్లగా.

తమ్ముడు మళ్లీ గోరు కొరుక్కున్నాడు.

“నేను చెప్పనా? పన్నా తగ్గిందని. వెడల్పు నాలుగు వేళ్లు తగ్గితే ఎన్ని చొక్కాలు పోతాయో అంగడివాడి ముందు నోటిలెక్కన చెప్పావు. అప్పుడు తాను చుట్టూ టేపు తిప్పావా?”

బాబాయిది తెలియనితనం. ఆయనను విసుక్కోవచ్చు, నేర్పవచ్చు. గుడ్డ కొనేటప్పుడు పొడవునీ వెడల్పునీ గుణించే మనిషి, అక్కకి వాటా ఇచ్చేటప్పుడు మాత్రం చుట్టూ తిరగడమే న్యాయమంటే అది లెక్క రాకపోవడం కాదు. లెక్క వచ్చి దాచుకోవడం.

“గీత ఏదో చెప్పండి బాబూ,” అన్నాడు మేస్త్రి. ఈసారి బాబాయి వంక తిరిగాడు. “తెర దగ్గరా? సుద్ద దగ్గరా?”

బాబాయి టేపును వేళ్లకు చుడుతూ, విప్పుతూ ఉండిపోయాడు.

కత్తెరమ్మ కోతబల్ల అంచు పట్టి ఈడ్చింది. రాతి నేల మీద కాళ్లు కీచుమన్నాయి. తెర గీతకు సరిగ్గా అడ్డంగా బల్లను ఆపి, ఒక గుడ్డ తాను విప్పి పరిచి, కత్తెర తీసింది. ఆ గీత మీద ఇటుక పెట్టాలంటే ముందు ఆమెను తప్పించాలి. తమ్ముడు బల్ల దాకా వచ్చి ఆగాడు. కత్తెర గుడ్డలోకి దిగింది. తట్టలో సిమెంటు అంచుల నుంచి బిగుసుకోవడం మొదలైంది. ఆమె బల్ల చుట్టూ తిరుగుతూ కోస్తూనే ఉంది, ఒకసారి తల దగ్గర, ఒకసారి అంచు దగ్గర.

కొలతలన్నీ మీ ముందున్నాయి. మెడలో టేపు ఉంటే తీసి పక్కన పెట్టండి. పొడవును వెడల్పుతో గుణించండి. ఆ గోడ ఏ గీత మీద లేవాలో మేస్త్రికి మీ నోటితో మీరు చెప్పండి. సిమెంటు గట్టిపడకముందే చెప్పండి.