పచ్చిక మెరిసిన మధ్యాహ్నం

నేను ఒక ఉక్కు సిలిండరుని. నిలబెడితే మనిషి మోకాలి దాకా వస్తాను. నా కడుపులో ఉండేది వంటగ్యాసు కాదు. పాత సైన్సు పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని రాసేవారే, అది. మీరు ఊపిరి వదిలినప్పుడల్లా బయటికి వచ్చేది అదే కాబట్టి నన్ను చూసి ఎవరూ భయపడనక్కర్లేదని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం కాకినాడలో ఒక ఇంటి ముందుగదిలో పట్టపగలు పోయింది. ఆ అదురు నాలో ఇంకా తగ్గలేదు.

అతుకు లేకుండా ఒకే ఉక్కు ముక్కను సాగదీసి నన్ను చేశారు. లోపల నీళ్ళు నింపి, ఒత్తిడి పెట్టి, పగలనని తేల్చుకున్నాకే మెడ మీద అంకెలు కొట్టారు. పుట్టగానే ఇంత అనుమానంగా చూసేది మమ్మల్నే. మనుషుల్ని ఎవరూ ఇలా పరీక్షించి బయటికి పంపరు. నా మొదటి కొలువు పిఠాపురంలో ఒక సోడా కొట్లో. జనం నా గ్యాసు తాగి, తేన్చి, హాయిగా పోయేవారు. కొట్టు మూతపడ్డాక కాకినాడలో చేపలూ గాజు తొట్టెలూ అమ్మే వలీ గారు నన్ను తీసుకుని, కొత్త రంగు వేయించి అరలో నిలబెట్టారు.

భానోజీ, హైమావతి అక్కడికే వచ్చారు. ఆయన సర్వే ఆఫీసులో ఉద్యోగి, ఆయన భార్య హైమావతి బడిలో లెక్కల టీచరు. ఇంట్లో తొట్టె ఒక్కటే, ఇష్టాలు రెండు. ఆవిడకి చేపలు కావాలి. గోరంత పిల్లలుగా తెచ్చి అరచేయంత పెంచిన ఏంజెల్ చేపల జంట ఆవిడ ప్రాణం. ఆయనకి నీటి అడుగున తివాచీలా పరుచుకునే పచ్చిక కావాలి. ఆ పచ్చికకి తిండి నాలో ఉండే గ్యాసే, అది చాలక పసుపు తిరుగుతోంది.

హైమావతి అప్పటికే ఒక ప్లాస్టిక్ సీసాలో పంచదార, ఈస్టు కలిపి, అందులో పుట్టే గ్యాసును సన్నని గొట్టంతో తొట్టెలోకి పంపుతోంది. ఒకరోజు బుడగలు జోరుగా వచ్చేవి, మర్నాడు నీరసపడిపోయేవి. ఆవిడకి ఆ సీసా నచ్చింది, ఎందుకంటే దేన్నీ చంపేంత సత్తా దానికి లేదు. ఆయనకి నచ్చనిది కూడా ఆ సత్తా లేకపోవడమే.

వలీ గారు ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. సిలిండరు కన్నా దాని మెడకు బిగించే రెగ్యులేటరే ముఖ్యమన్నారు. అందులో రెండు రకాలున్నాయట. మొదటి రకం మామూలుగా బాగానే పనిచేస్తుంది కానీ, గ్యాసు అయిపోవచ్చి లోపలి ఒత్తిడి పడిపోయేటప్పుడు అదుపు తప్పి, మిగిలిందంతా ఒక్కసారిగా తొట్టెలోకి వదిలేయవచ్చు, అప్పుడు చేపలకి ఊపిరాడదు. రెండో రకం చివరిదాకా ఒకే తీరున వదులుతుంది. అది తెప్పించాలి, నెల పడుతుంది.

హైమావతి ఆగుదామంది. ఆయన సరేనన్నాడు. మర్నాడు ఒక్కడే వచ్చి, ఉన్న గ్యాసుతోనే నన్ను తీసుకుని, మొదటి రకం బిగించుకుపోయాడు. నీటితోటల ఫొటోల పోటీ ఒకటుంది, నెలాఖరుకి గడువు.

ఇంట్లో ఆవిడ నన్ను చూసి అడిగింది.

"రెండో రకవేనాండీ?"

"అదే. వలీ గారి దగ్గర ఒకటి ఉండిపోయిందంట."

నేను నిర్ఘాంతపోయాను. నా మూత కొంచెం తిప్పితే చాలు, బుస్సుమంటాను. ఆయన గొంతులో ఆ మాత్రం చప్పుడు కూడా లేదు. ఆవిడ నమ్మి, పంచదార సీసా కడిగి బోర్లించింది.

వారాలు గడిచాయి. పచ్చిక పచ్చబడింది. రోజూ పొద్దున ఆయన నా మెడ దగ్గర లోపలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు చూసేవాడు. అది కదిలేది కాదు. మా ముల్లు తీరే అంత, అయిపోవచ్చేదాకా కదలదు. ఒక శుక్రవారం కిందికి దిగింది. ఆయన చూశాడు. సాయంత్రం గ్యాసు నింపిద్దాంలే అనుకుని, చెప్పులు వేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నా మెడ దగ్గర పట్టు సడలింది. నాలో మిగిలిందంతా పరుగులు పెట్టింది. ఆపుకుందామంటే నాకు చేతులేవీ? తొట్టె మరుగుతున్నట్టు బుడగలు లేచాయి. అప్పుడు ఆ తొట్టె ఎంత అందంగా ఉందో చెప్పాలంటే నాకు సిగ్గేస్తోంది. ప్రతి గడ్డిపరక కొసనా ఒక వెండి చుక్క. అంతకు ముందెన్నడూ అంత మెరవలేదు. ఆ మెరుపు పైన చేపలన్నీ నీటి అంచుకు మూతులు ఆనించి గాలికోసం కొట్టుకుంటున్నాయి. చిన్నవి ముందు పక్కకి ఒరిగాయి.

హైమావతి బడి నుంచి వచ్చింది. భుజాన సంచి తీయకుండానే నా మూత తిప్పి బిగించేసింది. బేసిన్లో మంచినీళ్ళు పట్టి, బతికున్న చేపల్ని వలతో ఎత్తి అందులో వేసి, తలుపు పక్కన నేలమీద కూర్చుని మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ ఉండిపోయింది.

భానోజీ వచ్చాడు. తలుపు చాటున ఉన్న భార్య ఆయనకి కనబడలేదు. తొట్టె కనబడింది.

"అబ్బ, ఎంత బాగా వచ్చిందో," అంటూ ఫోను పైకెత్తాడు.

"ఇది రెండో రకం కాదు కదండీ," అంది హైమావతి, తలెత్తకుండా.

ఆయన అటు తిరిగాడు. ఆవిడ పక్కన స్టీలు పళ్ళెంలో మగ ఏంజెల్ చేప పడి ఉంది. ఆయన చేతులు మోచేతుల దాకా తొట్టెలో ముంచి పచ్చిక పిడికిళ్ళతో పీకడం మొదలుపెట్టాడు.

"పీకకండి. అయ్యేం చేసినియ్యి?"

ఆయన చేతులు ఆగిపోయాయి. నీళ్ళు కారుతుండగానే వచ్చి ఆవిడ పక్కన కూర్చుని మగ్గు అందుకున్నాడు. పొద్దుగూకే వేళకి ఆడ ఏంజెల్ నిటారుగా నిలబడింది. దానితోపాటు మూడు చిన్నవి మిగిలాయి. ఆయన పోటీకి ఏమీ పంపలేదు.

నన్ను బాల్కనీలో బకెట్ల పక్కన పెట్టారు. పాత ఇనుప సామాను బండి కేక వినబడినప్పుడల్లా నా వంతు వచ్చిందనుకున్నాను. కానీ ఒక ఆదివారం హైమావతి ఒక చిన్న పెట్టెతో వచ్చింది. నన్ను తీసుకెళ్ళి గ్యాసు నింపించి తెచ్చి, ఆ పెట్టెలోని రెండో రకం రెగ్యులేటరు తనే బిగించసాగింది.

"వద్దు హైమా. ఆ సీసాయే పెట్టుకుందాం," అన్నాడాయన.

"అది చాలదని మళ్ళీ నాకు చెప్పకుండా ఇంకోటి తెస్తారు. తిప్పేది నేను, ముల్లు చూసేది మీరు. చూసింది చూసినట్టు చెప్పండి, అంతే."

అప్పటినుంచి ఆయన రోజూ పొద్దున నా ముందు వంగి, ముల్లు ఎక్కడుందో వంటింట్లోకి వినబడేలా చెబుతాడు. ఆవిడ వింటుంది. విని, చేతులు తుడుచుకుంటూ వచ్చి తనూ ఒకసారి వంగి చూస్తుంది. ఆయన పక్కకి జరిగి చోటిస్తాడు.

ఆవిడ విని ఊరుకునే పొద్దు ఒకటి రావాలి. దానికోసం ఆయనా నేనూ ఎదురుచూస్తున్నాం.